నిలబడ్డ కారు ఎందుకు అదురుతుంది? కారణం పట్టుకుని సరిచేసుకునే దారి

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో, కాలు బ్రేకు మీద. స్టీరింగ్ పట్టుకున్న చేతులకు అదురు తెలుస్తూ ఉంటుంది. లోపలి అద్దంలో వెనక బండ్లు మసకబారి కనిపిస్తాయి, డాష్‌బోర్డులో ఏదో మూల ప్లాస్టిక్ గడగడలాడుతుంది. కొంచెం రేసు ఇస్తే అంతా సర్దుకుంటుంది, వదిలేస్తే మళ్లీ మొదలు.

చాలామంది ఇలాంటప్పుడు నేరుగా షెడ్డుకు వెళ్లి ‘బండి షేక్ అవుతోంది, చూడండి’ అంటారు. ఆ ఒక్క ముక్కతో మెకానిక్ ఏం పట్టుకోగలడు? ప్లగ్గులు మారుస్తాడు. తగ్గకపోతే కాయిల్, ఆ తర్వాత ఇంజెక్టర్ల క్లీనింగ్, చివరికి ఇంజిన్ మౌంటింగులు. వేలకు వేలు ఖర్చయ్యాక ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టం బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు. అదురు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు పోతోందో ముందే గమనించి పెట్టుకుంటే చాలా కారణాలు బానెట్ ఎత్తకముందే పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవాటిని పైసా ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తేల్చుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది స్విఫ్ట్, బాలెనో, వ్యాగనార్ లాంటి పెట్రోలు కార్ల గురించి. వీటిలో పెట్రోలు ఇంజెక్టర్ల ద్వారా వస్తుంది, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉంటుంది. డీజిల్ కార్లకు ప్లగ్గుల భాగం వర్తించదు, మౌంటింగుల భాగం మాత్రం వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

కారును ఆరుబయట, సమతలం మీద పెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచి ఈ పని చేయవద్దు. పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. చున్నీ, పైట, మెడలో వేలాడే ఐడీ కార్డు, వదులు చేతుల చొక్కా ఏవీ బెల్టు దగ్గరికి రాకూడదు. రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి, అది ఆగి ఉన్నా అక్కడ చెయ్యి పెట్టకండి.

మొదటి మెట్టు: గమనించి కాగితం మీద రాసుకోవడం

దీన్ని దాటేసి పానాలు పట్టుకుంటే మిగతా అంతా ఊహాగానమే అవుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆపి, న్యూట్రల్‌లో వదలండి. ఇప్పుడు ఆర్‌పీఎం ముల్లును చూడండి. వేడెక్కిన పెట్రోలు ఇంజిన్ ఐడిల్‌లో సాధారణంగా నిమిషానికి 650 నుంచి 850 చుట్ల మధ్య తిరుగుతుంది. మీ కారుకు ఎంత ఉండాలో మాన్యువల్‌లో గానీ సర్వీసు వాళ్ల దగ్గర గానీ తెలుస్తుంది.

ముల్లు కదలకుండా నిలబడి ఉంది, చప్పుడు కూడా ఒకే లయలో వస్తోంది, కానీ కారు లోపల అదురుతోంది. అంటే ఇంజిన్ దాని పని అది సరిగ్గానే చేస్తోందన్నమాట. అనుమానం మౌంటింగుల మీద, లేదా వదులైన ఇంకేదైనా భాగం మీద. అలా కాకుండా ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే, లేదా చప్పుడు మధ్యమధ్యలో తప్పుతుంటే, సిలిండర్లలో మంట సరిగ్గా జరగడం లేదు. మెకానిక్కులు ‘మిస్సింగ్ కొడుతోంది’ అనేది దీన్నే.

మిస్సింగ్ ఐడిల్‌లోనే ఎందుకు అంతగా తెలుస్తుంది? నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 25 సార్లు మంట పుడుతుంది. ఒక్కో సిలిండర్ వాటా సెకనుకు ఆరుసార్ల చిల్లర. ఒక సిలిండర్ మండడం మానేస్తే ఇంజిన్ సెకనుకు ఆరుసార్లు తడబడుతుంది, ఆ తడబాటే సీటు దాకా వస్తుంది. రేసు ఇచ్చినప్పుడు తిరిగే ఊపు దాన్ని కప్పేస్తుంది. జబ్బు పోయిందని మాత్రం కాదు.

వ్యాగనార్ 1.0 లీటరు, టియాగో లాంటి మూడు సిలిండర్ల కార్లలో అదే 750 చుట్ల దగ్గర సెకనుకు దాదాపు 19 సార్లే మంట పుడుతుంది. అమరికను బట్టి కూడా ఈ ఇంజిన్లకు కొంత ఊగే స్వభావం ఉంది. నాలుగు సిలిండర్ల కారు నుంచి మూడు సిలిండర్ల కారుకు మారినవాళ్లు లేని జబ్బును వెతుక్కోకుండా అదే మోడల్ కారు ఇంకొకటి ఎక్కి పోల్చుకోవాలి. కొత్తప్పటి నుంచీ ఇంతేనా, ఈమధ్యే మొదలైందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

తర్వాత ఇవి ఒక్కొక్కటిగా చూసి రాసుకోండి. పొద్దున్న చల్లగా స్టార్ట్ చేసినప్పుడే వచ్చి వేడెక్కాక పోతోందా, వేడెక్కాకే వస్తోందా? ఏసీ వేయగానే పెరుగుతోందా? కంప్రెసర్ పట్టుకున్న క్షణంలో ముల్లు కొంచెం కిందికి దిగి వెంటనే లేస్తే తప్పు లేదు. దిగి అక్కడే కొట్టుకుంటుంటే, ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు ఉండే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండవచ్చు. రేడియేటర్ ఫ్యాను తిరిగినప్పుడే అదురు వచ్చి, అది ఆగగానే పోతోందా? అయితే ఫ్యాను రెక్క విరిగిందేమో ఇంజిన్ ఆపి చూడండి. పెట్రోలు కొట్టించిన వెంటనే మొదలైందా? బ్యాటరీ మార్చాక మొదలైందా? వానలో తడిశాకా? ఎలుకలు తిరిగే చోట నాలుగు రోజులు నిలిపి ఉంచాకా? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఎలుకలు కొరికిన వైరు, గొట్టం మన ఊళ్లలో నిత్యం కనబడే కారణాలే.

బ్యాటరీ విప్పి పెట్టాక మొదలైన అదురుకు ఒక్కోసారి ఏ రిపేరూ అక్కర్లేదు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ నేర్చుకుని పెట్టుకున్న ఐడిల్ లెక్క చెరిగిపోయి ఉంటుంది. ఏసీ, లైట్లు ఆపేసి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా ఐడిల్‌లో తిరగనిచ్చి, కొంతసేపు మామూలుగా నడిపితే చాలా కార్లు సర్దుకుంటాయి. కొన్నింటికి స్కానర్‌తో నేర్పాల్సి వస్తుంది.

రెండో మెట్టు: చెక్ ఇంజిన్ లైటు, స్కానర్

మీటర్ల మధ్య ఇంజిన్ బొమ్మ లైటు నిలకడగా వెలుగుతుంటే కారు ఏదో తప్పును రాసిపెట్టుకుందని అర్థం. అదే లైటు మిణుకుమిణుకుమంటుంటే వ్యవహారం వేరు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడ మండి, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయిలో మిస్సింగ్ ఉందన్నమాట. కన్వర్టర్ చాలా ఖరీదైన భాగం. అటువంటప్పుడు కారు నడపకండి, టో చేయించుకోవడమే చవక.

సుమారు వెయ్యి రూపాయలకు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరుకుతుంది. స్టీరింగ్ కింద, మోకాళ్లకు దగ్గరలో ఉండే సాకెట్‌లో దాన్ని గుచ్చి ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే కోడ్‌లు చదవచ్చు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, పీ0302 అంటే రెండోది, ఇలా వరుసగా. పీ0300 వస్తే ఒక్క సిలిండర్ అని కాదు, అక్కడా ఇక్కడా తప్పుతోందని. ఒకే సిలిండర్ కోడ్ వస్తే ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ వైపు చూడాలి. పీ0300 గానీ, గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని చెప్పే పీ0171 గానీ వస్తే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా పోయే గాలి, పెట్రోలు వైపు చూడాలి. కోడ్‌ను ఫోటో తీసి ఉంచుకున్నాకే చెరిపేయండి. కోడ్ చెప్పేది తప్పు ఏ వైపు ఉందో మాత్రమే. ఏ భాగం మార్చాలో అది చెప్పదు.

మూడో మెట్టు: ప్లగ్గులు, కాయిళ్లు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఇది చేయాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే మరలు పోతాయి, ఆ నష్టం ముందు ప్లగ్గు ఖర్చు లెక్కలోకే రాదు. తాళంచెవి తీసేయండి. కాయిల్‌కు ఉన్న కనెక్టర్ లాకు నొక్కి వదిలించి, బోల్టు విప్పండి. చాలా కార్లలో అది 10 నంబరు పానాకు వస్తుంది. కాయిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. ప్లగ్గు విప్పే ముందు ఆ గుంటలో ఉన్న దుమ్మును గాలితో ఊదేయాలి, లేకపోతే అది సిలిండర్లో పడుతుంది. ఒక్కో కాయిల్, ఒక్కో ప్లగ్గు ఏ సిలిండర్‌దో వరుస తప్పకుండా పక్కన పెట్టుకోండి, ఎందుకంటే మీకు కావాల్సిన సమాచారం ఆ వరుసలోనే ఉంది.

ప్లగ్గు కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ బాగానే మండుతోంది. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా స్పార్కు బలహీనంగా ఉంది. ఆయిల్ జిడ్డుతో తడిగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి చేరుతోంది. మరీ తెల్లగా, కాలినట్టు ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేదా వేడి ఎక్కువైంది. కొన మీద కాకుండా ప్లగ్గు కూర్చునే గుంటలోనే ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారుతోంది. ఆ ఆయిల్ కాయిల్ రబ్బరును మెత్తబరుస్తుంది. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే కొత్త కాయిల్ కూడా పాడవుతుంది.

పింగాణీ మీద సన్నని చీలిక, అరిగి గుండ్రబడ్డ కొన, పెరిగిన గ్యాపు కనిపిస్తే సెట్టు మొత్తం మార్చండి. మాన్యువల్‌లో రాసిన నంబరు ప్లగ్గే వేయాలి. కొత్తదాన్ని మొదట చేత్తోనే తిప్పి బిగించాలి. చేత్తో తిరగకుండా పట్టేస్తే మరలు అడ్డంగా పడ్డాయని తెలుసుకుని వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. చివరి బిగింపు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు చేయడం మంచిది. టార్క్ పానా లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకు చేత్తో ఆగిన చోటి నుంచి సుమారు సగం చుట్టు చాలు. వాషర్ లేని రకానికి అంతకంటే చాలా తక్కువ.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పరీక్ష. రెండో సిలిండర్ మిస్సింగ్ అని కోడ్ వచ్చిందనుకుందాం. రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడో కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి పెట్టండి. కోడ్ చెరిపి ఇంజిన్ తిప్పండి. ఈసారి పీ0303 వచ్చిందంటే తప్పు కాయిల్‌తోపాటు కదిలింది, కాయిల్ మార్చాలి. మళ్లీ పీ0302 వస్తే కాయిల్‌ది తప్పు కాదు. అప్పుడు ప్లగ్గును ఇదే విధంగా మార్చి చూడండి. అది కూడా కాకపోతే ఇంజెక్టర్, దాని వైరు, లేదా సిలిండర్ లోపలి ఒత్తిడి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కాయిల్, ప్లగ్గు రెండూ ఒకేసారి మారిస్తే పరీక్ష చేసినా చేయనట్టే.

ఇంజిన్ తిరుగుతుండగా కాయిళ్లను ఒక్కొక్కటిగా పీకి చూసే పద్ధతి కొందరు వాడతారు. మీరు చేయకండి. అక్కడ 20 వేల వోల్టులకు పైగా పుడుతుంది, పైగా మండని పెట్రోలంతా కన్వర్టర్‌లోకి పోతుంది.

నాలుగో మెట్టు: గాలి దారి

ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. వెలుతురు రానంత దుమ్ము ఉంటే మార్చండి. దాని పని అంతటితో అయిపోతుంది. అసలు శ్రద్ధ పెట్టాల్సింది దాని తర్వాత ఉండే దారి మీద.

పెట్రోలు ఇంజిన్‌లో గాలికీ పెట్రోలుకూ సరైన పాళ్లు బరువులో దాదాపు 14.7కు 1. పెట్రోలులో ఇథనాల్ కలిసేకొద్దీ ఈ అంకె కొంత తగ్గుతుంది. లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సరు ద్వారా తెలుసుకుని కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది. ఐడిల్‌లో థ్రాటిల్ తలుపు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లే గాలే చాలా కొంచెం. ఆ సమయంలో పగిలిన గొట్టం గుండా దొంగగాలి దూరితే మొత్తంలో దాని వాటా పెద్దది, పాళ్లు చెడిపోతాయి. రేసు ఇచ్చి తలుపు తెరిస్తే గాలి వెల్లువలా వస్తుంది. దొంగగాలి అంతే ఉన్నా ఇప్పుడు లెక్కలోకి రాదు. ఐడిల్‌లో అదిరి, రేసు ఇవ్వగానే నున్నగా తిరిగే ఇంజిన్‌లో గాలి లీకును ముందుగా అనుమానించడానికి కారణం ఇదే.

స్కానర్ ఉంటే ఇది అంకెల్లో కనిపిస్తుంది. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే రీడింగ్ తెరవండి. కంప్యూటర్ తన లెక్కకంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు వదలాల్సి వస్తోందో అది చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ పదిలోపు ఉంటే సాధారణం. ఐడిల్‌లో ప్లస్ 20 దగ్గర ఉండి, 2,500 ఆర్‌పీఎంకు తీసుకెళ్లగానే సున్నా వైపు దిగితే గాలి లీకు ఉన్నట్టే. రేసు ఇచ్చేకొద్దీ ఇంకా పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు, అప్పుడు ఫిల్టరు, పంపు చూడాలి.

లీకు వెతకడానికి మీటరు నీళ్ల గొట్టం ముక్క చాలు. ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను ఇంజిన్ మీది రబ్బరు గొట్టాల వెంట మెల్లగా కదపండి. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండండి. లీకు దగ్గర ‘స్స్’ మని గట్టిగా వినిపిస్తుంది. చూడాల్సిన చోట్లు: బ్రేకు బూస్టర్‌కు పోయే లావు గొట్టం, ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే పీసీవీ గొట్టం, పెట్రోలు ఆవిరి తెచ్చే పర్జ్ వాల్వు గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్. మెత్తటి గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టినప్పుడు ఇంజిన్ తీరు మారితే అది వెళ్లే దారిలోనే తప్పు ఉందని తెలుస్తుంది. అనుమానం ఉన్న చోట వైర్లు, కనెక్టర్లు తడవకుండా కొంచెం నీళ్లు స్ప్రే చేయవచ్చు. నీళ్లు పడగానే చప్పుడు మారితే లీకు అక్కడే. వేడి ఇంజిన్ మీద పెట్రోలో, మండే స్వభావమున్న క్లీనరో కొట్టి వెతికే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానివల్ల కారు తగలబడుతుంది, ఎవరు చేస్తున్నా ఆపండి.

బ్రేకు నొక్కినప్పుడల్లా ఇంజిన్ తడబడుతూ, పెడల్ గట్టిగా తగులుతుంటే బూస్టర్ వైపు లీకు ఉంది. అది బ్రేకుల సమస్య కూడా కాబట్టి బాగయ్యేదాకా కారు రోడ్డెక్కకూడదు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ స్టార్టింగ్ ఇబ్బందిపెట్టి తర్వాత కాసేపు అదురుతుంటే పర్జ్ వాల్వు మూసుకోకుండా ఉండిపోయి ఉంటుంది.

లీకు లేకపోతే థ్రాటిల్ బాడీ. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి పక్కకు తప్పించండి. తలుపు అంచున నల్లటి మసి కనిపిస్తే థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద కొట్టి, దాంతో తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ తలుపును వేలితో బలంగా నెట్టకండి, లోపలి పళ్లు దెబ్బతింటాయి. శుభ్రం చేశాక ఐడిల్ కాసేపు ఎక్కువగా ఉండవచ్చు. మసి ఉన్నప్పటి లెక్క మరిచిపోయి కొత్త లెక్క నేర్చుకోవడానికి కంప్యూటర్‌కు కొంత సమయం కావాలి.

ఐదో మెట్టు: పెట్రోలు, సీఎన్‌జీ

సీఎన్‌జీ కారు ఉన్నవాళ్ల చేతిలో ఒక మంచి పరీక్ష ఉంది. స్విచ్ నొక్కి పెట్రోలుకు మార్చండి. రెండింటి మీదా అదురు ఒకేలా ఉంటే గాలి, మౌంటింగుల వైపు చూడండి. గ్యాస్ మీద మాత్రమే అదిరితే రెగ్యులేటర్, గ్యాస్ ఫిల్టరు, గ్యాస్ ఇంజెక్టర్లు చూపించాలి. అయితే వాటికంటే ముందు ప్లగ్గులు చూడండి. సీఎన్‌జీ మండాలంటే స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి అరిగిన ప్లగ్గు లోపం పెట్రోలు మీద కనపడక ముందే గ్యాస్ మీద బయటపడుతుంది. గ్యాస్ గొట్టాలు మాత్రం మీరు విప్పకండి.

ఎక్కువ రోజులు కదలని కారులో పాత పెట్రోలు కూడా కారణమే. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది, తేమ ఎక్కువైతే నీరు ట్యాంకు అడుగున చేరుతుంది. కొత్త పెట్రోలు కలిపి నడిపినా మారకపోతే ట్యాంకు ఖాళీ చేయించాలి.

ఆరో మెట్టు: మౌంటింగులు

ముల్లు నిలకడగా ఉండి కారు మాత్రం అదిరితే ముందుగా రావాల్సింది ఇక్కడికే. ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మూడు నాలుగు రబ్బరు దిమ్మెలే మౌంటింగులు. రబ్బరు చీలినా, కుంగినా, లోపల ద్రవం ఉండే రకంలో అది కారిపోయినా అదురు నేరుగా బాడీకి చేరుతుంది. టార్చి వేసి పగుళ్లు, కారిన మరకలు చూడండి. టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ ఆటోమేటిక్ అయితే, డ్రైవింగ్ బాగా తెలిసినవారిని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టి, డీ నుంచి ఆర్‌కు మార్చమనండి. మీరు ముందు కాకుండా పక్కన నిలబడి చూడండి. ఇంజిన్ ఎగిరిపడినట్టు ఊగితే మౌంటింగు పోయింది. ఏఎంటీ కార్లలో బ్రేకు మీద ఉన్నప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి ఈ పరీక్షతో తేలదు.

మార్చేటప్పుడు ఇంజిన్‌ను కింద నుంచి ఆపి పట్టాలి. మొదటిసారి చేసేవారు దీన్ని మెకానిక్‌కే వదిలేయాలి. కంపెనీ మౌంటింగే వేయమనండి, రబ్బరు మరీ గట్టిగా ఉన్న చవక రకం వేస్తే అదురు ముందుకంటే పెరుగుతుంది. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు, దాని మీది వేడి ఆపే రేకు వదులయ్యాయేమో కూడా అప్పుడే చూపించండి.

షెడ్డుకు వెళ్లాల్సి వస్తే

ఒకే సిలిండర్ మిస్సింగ్ కొడుతూ, కాయిల్, ప్లగ్గు మార్చినా కోడ్ కదలకపోతే ఇంజెక్టర్ పరీక్ష, కంప్రెషన్ పరీక్ష చేయించండి. కంప్రెషన్ రీడింగ్ అన్ని సిలిండర్లకూ కాగితం మీద రాసి ఇమ్మనండి. అంకె ఎంత అన్నదానికంటే ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ ఉందా అన్నది ముఖ్యం. తక్కువ ఉంటే వాల్వులు, రింగులు, హెడ్ ప్యాకింగ్ మాట వస్తుంది. ఆ స్థాయి పనికి ఇద్దరు మెకానిక్కుల మాట విన్నాకే ఒప్పుకోండి.

మీరు రాసుకున్న కాగితం, కోడ్ ఫోటో ఇచ్చి, ఏమేం పరీక్షించారో చెప్పండి. మార్చిన పాత భాగం మీకు ఇమ్మని ముందే అడగండి. బండి తీసుకునేటప్పుడు కోడ్‌లు చెరిపించి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి ఐడిల్‌లో ముల్లును చూశాకే డబ్బు కట్టండి. వారం తర్వాత స్కానర్ పెట్టి కోడ్ తిరిగి వచ్చిందేమో ఇంకోసారి చూసుకోండి.